తుడవాల్సింది డబ్బాను, నాణేన్ని కాదు

మన హాస్టల్ రీడింగ్ రూములో గాజు బీరువా పై అరలో ఒక వెండి బిళ్ళ ఉంది. అరచేతిలో పట్టే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, పైన ఒక చీటీతో ఉంటుంది. మిత్రులు చాలామంది చూసే ఉంటారు. చూసిన ప్రతివాళ్లూ మమ్మల్ని మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. ఇది ఎక్కడిది? దాన్ని డబ్బాలోంచి ఎందుకు తీయరు? అన్ని గీతలు పోగొట్టిన మీరు ఆ మూలనున్న బీటను ఎందుకు అలాగే వదిలేశారు? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు వార్షికోత్సవ సంచికలో రాస్తే అందరికీ తెలుస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఆ బిళ్ళను మన హాస్టల్ పూర్వ విద్యార్థి ఒకరు అమెరికా నుంచి తెచ్చి ఇచ్చారు. ఉద్యోగంలో చేరి మొదటి జీతం అందుకున్నప్పుడు గుర్తుగా కొనుక్కున్నారట. "నా దగ్గర ఉంటే నేనొక్కడినే చూస్తాను, ఇక్కడ ఉంటే మీరందరూ చూస్తారు" అని ఇచ్చి వెళ్లారు. ప్రయాణంలో పెట్టె ఎక్కడో గట్టిగా పడినట్టుంది. తెరిచి చూస్తే డబ్బా ముందువైపు నిండా గీతలు, ఒక మూలన చిటికెన వేలి గోరంత బీట. నాణేనికి మాత్రం ఏమీ కాలేదు. మా గదిలో ఒకరం కెమిస్ట్రీ, ఒకరం చరిత్ర, ఒకరం కామర్స్. "పీజీ వాళ్లు కదా, మీరే చూడండి" అని వార్డెన్ గారు ఆ డబ్బాను మాకు అప్పగించారు.

ముందుగా ఈ డబ్బా సంగతి చెప్పాలి. నాణేలు సేకరించేవాళ్లు దీన్ని స్లాబ్ అంటారు. ఇంటి పైకప్పుకు పోసే శ్లాబు అనుకునేరు! అమెరికాలో పాత నాణేలు కొనేవాళ్లకు రెండు భయాలు ఉండేవి. ఇది అసలుదా, నకిలీదా? అసలుదే అయితే అమ్మేవాడు చెప్పినంత బాగా ఉందా? ఈ తగాదాలు తీర్చడానికి అమ్మేవాడికీ కొనేవాడికీ సంబంధం లేని మూడో మనిషి కావలసి వచ్చాడు. అలా 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు పని మొదలుపెట్టాయి. మనం నాణెం పంపి ఫీజు కడితే వాళ్లు పరీక్షిస్తారు. ఆ నాణెం ఎవరిదో పరీక్షించేవాళ్లకు తెలియనివ్వరు. మన జవాబు పత్రాల మీద పేరు కనిపించకుండా కోడ్ వేసినట్టే అన్నమాట. తర్వాత 1 నుంచి 70 వరకు ఒక అంకె ఇచ్చి, నాణేన్ని రెండు ప్లాస్టిక్ పలకల మధ్య పెట్టి, అంచులను అల్ట్రాసోనిక్ పద్ధతిలో కరిగించి అతికేస్తారు. మరలు, మూతలు ఏమీ ఉండవు. విరగ్గొడితే తప్ప తెరుచుకోదు. లోపలి చీటీ మీద నాణెం పేరు, సంవత్సరం, గ్రేడు, ఒక నంబరు ఉంటాయి.

నూటికి కాకుండా 70కి ఎందుకు అని మేము కూడా అనుకున్నాము. విలియం షెల్డన్ అనే ఆయన 1949లో అమెరికా పాత రాగి సెంట్ల మీద రాసిన పుస్తకంలో ఈ కొలమానం పెట్టారు. పూర్తిగా అరిగిపోయిన బిళ్ళ ధర ఒక వంతు అనుకుంటే, చెక్కుచెదరని బిళ్ళ ధర 70 వంతులు అని అప్పటి లెక్క. ఆ ధరలు ఎప్పుడో మారిపోయాయి, అంకె మాత్రం నిలిచిపోయింది. 60 నుంచి పైన ఉన్నవి చలామణిలో అరగని నాణేలు. మన బీరువాలోని బిళ్ళకు వచ్చింది 63. అంటే ఎవరి జేబులోనూ తిరగలేదు కానీ గోనె సంచుల్లో తోటి నాణేలకు తగిలి చిన్న చిన్న దెబ్బలు తిన్నదని అర్థం. ఆ రోజుల్లో వెండి డాలర్లను వెయ్యేసి చొప్పున సంచుల్లో పోసి పంపేవారు.

ఇక బిళ్ళ ఎక్కడిది అనే ప్రశ్న. ఇది 1921 నాటి మోర్గాన్ డాలర్. చెక్కిన కళాకారుడు జార్జ్ మోర్గాన్ పేరు మీదుగా అలా పిలుస్తారు. బరువు 26.73 గ్రాములు. అందులో నూటికి 90 పాళ్లు వెండి, 10 పాళ్లు రాగి. వెనకవైపు గద్ద బొమ్మ కింద, ఆకుల దండకు దిగువన చిన్న 'డి' అక్షరం ఉంది. అది డెన్వర్ టంకశాల గుర్తు. మన రూపాయి బిళ్ళల మీద కూడా సంవత్సరం కింద ఇలాంటి గుర్తులు ఉంటాయి. చిన్న నక్షత్రం ఉంటే మన హైదరాబాద్ టంకశాల, చుక్క ఉంటే నోయిడా, వజ్రం ఆకారం ఉంటే ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా. మీ జేబులో చిల్లర ఉంటే ఇప్పుడే తీసి చూడండి.

ఈ డాలరుకూ మన దేశానికీ ఒక సంబంధం ఉందని మాలో చరిత్ర చదివే మిత్రుడి వల్ల తెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలో జనం కాగితపు నోట్లు తెచ్చి ఇచ్చి వెండి రూపాయిలు అడగసాగారు. ఇవ్వడానికి ప్రభుత్వం దగ్గర వెండి చాలలేదు. బ్రిటిష్ వాళ్లు అమెరికాను అడిగారు. 1918 ఏప్రిల్‌లో అక్కడ పిట్‌మన్ చట్టం చేసి, ఖజానాలో మూలుగుతున్న వెండి డాలర్లను 27 కోట్లకు పైగా కరిగించారు. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి మన దేశంలో రూపాయిల కోసం బ్రిటన్‌కు అమ్మారు. కరిగించినన్ని డాలర్లను మళ్లీ ముద్రించాలని అదే చట్టంలో రాసుకున్నారు. 1904లో ఆగిపోయిన మోర్గాన్ డాలరును 1921లో మళ్లీ ముద్రించడానికి కారణం అదే. ఆ ఒక్క ఏడాదిలో మూడు టంకశాలల్లో కలిపి 8 కోట్ల 60 లక్షలకు పైగా ముద్రించారు. కాబట్టి ఇది అరుదైనదీ కాదు, లక్షలు పలికేదీ కాదు. కానీ మన ముత్తాతలు కూలి కింద అందుకున్న రూపాయిల్లోకి వచ్చిన వెండికి బదులుగా పుట్టిన బిళ్ళ. అన్న ఇదే ఎందుకు కొన్నారో అప్పుడు మాకు అర్థమైంది.

డబ్బా మా గదికి రాగానే సలహాలు మొదలయ్యాయి. "అన్నా, ఒక చుక్క ఫెవిక్విక్ ఏస్తే అయిపోతది కదా" అన్నాడు డిగ్రీ తమ్ముడొకడు. వెండి దుకాణంలో పని చేసే ఒక మిత్రుడు "డబ్బా పగలగొట్టి బిళ్ళ ఇవ్వండి, కొత్తదానిలా మెరిపించి ఇస్తా" అన్నాడు. ఇద్దరూ మంచి మనసుతోనే అన్నారు. కానీ రెండూ చేయకూడని పనులే.

నాణేన్ని ఎందుకు మెరిపించకూడదో ముందు చెబుతాము. వెండి మీద నలుపు గాలిలోని గంధకం వల్ల వస్తుంది. మన అమ్మమ్మల కడియాలు నల్లబడేది దానివల్లే. రుద్దితే నలుపుతో పాటు పైనున్న సన్నటి వెండి పొర కూడా పోతుంది. అచ్చు పడిన రోజున లోహం మీద ఏర్పడిన సహజమైన మెరుపు ఆ పొరలోనే ఉంటుంది. ఒకసారి పోతే ఏ కంపెనీ తిరిగి తేలేదు. రుద్దిన నాణేన్ని గ్రేడర్లు చూడగానే పట్టేస్తారు, దానికి మామూలు గ్రేడు ఇవ్వరు. కడియం తొడుక్కునేది కాబట్టి మెరవాలి. పాత నాణెం సాక్ష్యం కాబట్టి ఉన్నట్టే ఉండాలి.

మరి ప్లాస్టిక్‌ను రుద్దవచ్చా? రుద్దవచ్చు. గీత అంటే ప్లాస్టిక్‌లో పడిన సన్నటి కాలువ. దాని అంచుల దగ్గర వెలుతురు చెదిరిపోయి తెల్లగా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న పొరను కొద్దికొద్దిగా అరగదీసి సమం చేస్తే వెలుతురు నేరుగా పోతుంది, గీత కనిపించదు. అంతకుమించి మాయ ఏమీ లేదు.

మేము నేరుగా ఆ డబ్బా మీద చెయ్యి వేయలేదు. పాత సీడీ డబ్బాలు నాలుగు సంపాదించి వాటి మీద వారం రోజులు సాధన చేశాము. అవి పాలిస్టైరీన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి కాబట్టి ఈ సాధనకు బాగా పనికొస్తాయి. ఒకదాని మీద అసిటోన్ (నెయిల్ పాలిష్ తీసే మందులో సాధారణంగా ఉండేది ఇదే) ఒక చుక్క వేసి చూశాము. క్షణాల్లో ప్లాస్టిక్ మెత్తబడి తెల్లగా మసకబారింది. కాబట్టి అసిటోన్, థిన్నర్, పెట్రోలు ఏవీ స్లాబ్ దగ్గరికి రానివ్వకూడదు. అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రావణం కూడా వద్దు. అది కొన్ని ప్లాస్టిక్‌లను పాడుచేస్తుంది, లోపలికి పోతే రాగి కలిసిన నాణెం మీద కూడా పని చేస్తుంది.

తర్వాత చేసిన పని వరుసగా చెబుతాము. ఎవరికైనా ఉపయోగపడవచ్చు.

మొదట దుమ్ము ఊది, బాగా ఉతికిన మెత్తటి నూలు గుడ్డను కొద్దిగా తడిపి తుడిచాము. దుమ్ముతోనే రుద్దితే కొత్త గీతలు పడతాయి. తర్వాత ఒక్కో గీత మీద గోరు అడ్డంగా జరిపి చూశాము. గోరు తగులుకోకపోతే పాలిష్‌కు పోతుంది. తగులుకుంటే లోతైనదని లెక్క. అంచుల అతుకు వెంబడి, బీట మీద, వెనకవైపు హోలోగ్రామ్ మీద కాగితపు టేపు అంటించాము. స్లాబ్ నీళ్లు దూరనంత బిగువైనది కాదు. పాలిష్ లోపలికి పోతే మళ్లీ తీసే దారి లేదు. కారు హెడ్‌లైట్లకు వాడే ప్లాస్టిక్ పాలిష్ పెసర గింజంత తీసుకుని, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తేలికగా రుద్దాము. అది దొరకకపోతే జెల్ కాని మామూలు తెల్ల టూత్‌పేస్టు కూడా కొంతవరకు పని చేస్తుంది. అందులోనూ సన్నటి అరగదీసే పొడి ఉంటుంది. గట్టిగా, వేగంగా రుద్దితే వేడెక్కి ప్లాస్టిక్ మసకబారుతుంది కాబట్టి ఓపిక కావాలి. రెండు ఆదివారాలు పట్టింది. సన్న గీతలన్నీ పోయాయి. లోతైనవి రెండు మిగిలాయి. వాటికి 2000 నంబరు వాటర్ పేపర్ వాడితే పోతాయని సీడీ డబ్బా మీద చూశాము. కానీ దానికి నీళ్లు పోస్తూ రుద్దాలి. పక్కనే బీట ఉండగా నీళ్లు వాడటం మంచిది కాదని ఆ రెండింటినీ అలాగే ఉంచాము.

ఇప్పుడు అందరూ అడిగే బీట సంగతి. ఫెవిక్విక్ లాంటి జిగురు ఆరేటప్పుడు ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి దగ్గర్లోని వస్తువుల మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. బీటలోంచి లోపలికి పోతే నాణెం మీదే కూర్చుంటుంది. ఇది కెమిస్ట్రీ చెప్పే కారణం. ఇంకో కారణం మాలో కామర్స్ మిత్రుడు చెప్పాడు. స్లాబ్‌కు విలువ రావడానికి మూలం, దాన్ని ఎవరూ తెరవలేదన్న నమ్మకం. మోసగాళ్లు చేసే పని కూడా సరిగ్గా ఇదే. డబ్బాను జాగ్రత్తగా తెరిచి, మంచి నాణెం తీసేసి, తక్కువ నాణెం పెట్టి, మళ్లీ జిగురుతో అతికిస్తారు. మనం ఎంత మంచి ఉద్దేశంతో అతికించినా చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. బీట కనిపిస్తే ప్రమాదం జరిగిందని తెలుస్తుంది. జిగురు కనిపిస్తే ఏదో దాచారని అనుమానం వస్తుంది.

సరైన పద్ధతి ఏమిటంటే డబ్బాను తిరిగి ఆ కంపెనీకే పంపడం. వాళ్లు నాణేన్ని చూసి, కొంత ఫీజు తీసుకుని, కొత్త డబ్బా వేస్తారు. దాన్ని రీహోల్డర్ అంటారు. డబ్బా పూర్తిగా విడిపోయి నాణెం మారే అవకాశం ఉందనిపిస్తే మాత్రం మామూలుగా పాత గ్రేడు చెల్లదు, మళ్లీ పరీక్ష రాయాల్సిందే. మన బిళ్ళను అలా పంపడానికి ఒక ఇబ్బంది ఉంది. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని ఎవరికి వారు దేశం దాటించకూడదు. 1921 నాటి బిళ్ళకు నూరేళ్లు నిండాయి. అందుకని కంపెనీ వెబ్‌సైటులో చీటీ మీది నంబరు సరిచూసుకున్నాము, బీటకు దగ్గరగా ఫొటో తీసి తేదీ వేసి రిజిస్టరులో అంటించాము, డబ్బాను పాలిప్రొపిలీన్ కవరులో పెట్టి బీరువాలో ఉంచాము. అన్నకు ఫోన్ చేసి చెబితే "బీట కనపడనీ తమ్ముడూ, అది కూడా దాని ప్రయాణంలో భాగమే" అన్నారు.

ఈ పని చేస్తున్నన్ని రోజులూ మా మాటలు నాణెం దగ్గర ఆగలేదు. చీటీ మీద ఉన్న 63 అనే అంకె దగ్గరికే మళ్లీ మళ్లీ వచ్చాము. ఆ అంకె ఇచ్చింది అనుభవం ఉన్న మనుషులే. అయినా అది ఒక అభిప్రాయం. అదే నాణేన్ని డబ్బా పగలగొట్టి మళ్లీ పంపితే ఒక్కోసారి ఇంకో అంకె వస్తుంది. ఎక్కువ గ్రేడు వస్తుందేమోనని పదే పదే పంపేవాళ్లు అమెరికాలో ఉన్నారు. అంకె ఒకటి పెరిగితే కొన్ని నాణేల ధర ఎన్నో రెట్లు మారుతుంది. అందుకే అక్కడి పాత సేకరణకర్తలు కొత్తవాళ్లకు చెప్పే మాట ఒకటి ఉంది: డబ్బాను చూసి కొనకు, నాణేన్ని చూసి కొను.

ఈ మాట మాకు బాగా తగిలింది. ఈ మధ్య మాలో ఒకరు ఒక ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లారు. మొదట కాలేజీ పేరు అడిగారు. తర్వాత ర్యాంకు అడిగారు. తర్వాత ఆ ర్యాంకుకు సీటు ఎలా వచ్చిందని అడిగారు. ఎక్కడ ఉంటున్నావంటే సంక్షేమ హాస్టల్ అని చెప్పగానే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సబ్జెక్టులో ఒక్క ప్రశ్న కూడా రాలేదు. అంటే చీటీ చదివారు, డబ్బా మీద గీతలు లెక్కపెట్టారు, లోపలికి చూడలేదు.

అలాగని చీటీ అక్కర్లేదని మేము అనము. అనగలిగేవాళ్లు వేరే ఉంటారు. ఇంటి పేరు చెబితేనే తలుపులు తెరుచుకునేవాళ్లకు చీటీతో పని లేదు. మనకు ఉన్న సాక్ష్యం ఆ చీటీయే. ముక్కూ ముఖం తెలియని మూడో మనిషి, మన పేరు చూడకుండా పేపరు దిద్ది ఇచ్చిన అంకె అది. అందుకే దాన్ని జాగ్రత్తగా కాపాడుకోవాలి. అదే సమయంలో ఆ అంకె మనం కాదని కూడా గుర్తుంచుకోవాలి. గీతలు పడింది డబ్బాకు. మాట తీరు, ఇంగ్లీషు, దరఖాస్తు నింపే పద్ధతి, నలుగురిలో నిలబడే ధైర్యం ఇవన్నీ డబ్బా మీది గీతలే. ఓపికగా రుద్దితే పోతాయి. వాటిని పోగొట్టుకోవడంలో తప్పు లేదు. కానీ లోపలి మనిషిని, ఊరిని, అమ్మానాన్నలను, పెరిగిన వాడను రుద్ది చెరిపేసుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వెండి దుకాణం మిత్రుడి సలహా లాంటిదే అది. మెరుపు వస్తుంది కానీ అసలు పొర పోతుంది.

చివరగా తమ్ముళ్లకు ఒక ఉపయోగపడే మాట. మా ఇళ్లలో డిగ్రీ పట్టా తెచ్చినది మొదట మేమే. కాబట్టి ఆ కాగితాలు ఎలా దాచాలో చెప్పేవాళ్లు ఇంట్లో లేరు. ఈ డబ్బా పని వల్ల మాకు తెలిసినది ఇక్కడ చెబుతున్నాము. మెత్తగా సాగుతూ, కొత్తలో ఘాటు వాసన వచ్చే పారదర్శక కవర్లు చాలావరకు పీవీసీవి. వాటిని మెత్తగా ఉంచడానికి కలిపే నూనె లాంటి పదార్థం మెల్లగా బయటికి వస్తుంది. అలాంటి కవర్లలో పెట్టిన రాగి నాణేల మీద ఆకుపచ్చ జిగట పడుతుంది. మన మెమోలు, జిరాక్సుల మీద అక్షరాలు కవరుకు అంటుకుని ఊడి వచ్చేదీ దానివల్లే. కవరు కొనేటప్పుడు త్రికోణం గుర్తులో 5 అంకె, అంటే పాలిప్రొపిలీన్, ఉందేమో చూడండి. 3 ఉంటే అది పీవీసీ, వద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లను వేడి లామినేషన్ చేయించకండి. ఒకసారి అతికాక కాగితం చిరగకుండా విడదీయడం దాదాపు అసాధ్యం. రబ్బరు బ్యాండ్లు, గుండుసూదులు వద్దు. రేకు పెట్టెలో అడుగున కాకుండా పైన పెట్టుకోండి. వానాకాలం పోయాక ఒకసారి తీసి గాలి తగలనివ్వండి.

బీరువా తాళం వార్డెన్ గారి దగ్గర ఉంటుంది. అడిగితే బిళ్ళను చేతికి ఇస్తారు. డబ్బాను అంచులతో పట్టుకుని వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడండి. ముందు బీట కనిపిస్తుంది. తర్వాత మేము వదిలేసిన రెండు గీతలు కనిపిస్తాయి. ఇంకొంచెం వంచి చూస్తే వాటి వెనక వెండి మెరుస్తుంది.